అమెరికా వెళ్ళే అమ్మ చేతిలో ఉండాల్సిన కాగితం

మన విశాఖపట్నంలో ఏ కాలనీకి వెళ్ళినా, ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఈ మాట వినబడుతూనే ఉంటుంది. "అమ్మాయికి నెలలు నిండుతున్నాయండీ, వచ్చే నెల అమెరికా వెళ్తున్నాం." ఇక ఆ ఇంట్లో హడావుడే హడావుడి. ఆవకాయ, గోంగూర, బాలింతకి కాయం, పథ్యం కారం, అల్లుడుగారికి మాడుగుల హల్వా, పుట్టబోయే బుజ్జిగాడికి మెత్తటి పాత చీరల పొత్తిగుడ్డలు. పెట్టె 23 కిలోలు దాటిందా లేదా అని పదిసార్లు తూచి చూస్తాం. సీసా మూత ఊడిపోతుందేమోనని దానికి మూడు కవర్లు చుడతాం.

ఇంత జాగ్రత్తగా ఉండే మనం ఒక్క కాగితం మాత్రం చూడం. ఆరు నెలలు పరాయి దేశంలో ఉంటాం కదా, అక్కడ మనకి ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు, ఎంతవరకు చూస్తారు, డబ్బు ఎవరు కడతారు అని రాసి ఉండే ఇన్సూరెన్సు కాగితం. "అవన్నీ అబ్బాయి చూసుకున్నాడులెండి" అంటాం. అబ్బాయి ఆన్‌లైన్‌లో ఏదో కొన్నాడు, అది అతని ఈమెయిల్లో ఉంది. కంపెనీ పేరేంటో అమ్మకి తెలియదు, ఫోన్ నెంబరు నాన్నకి తెలియదు. నా అభిప్రాయం ఒక్కటే. ఆ కాగితం అమ్మ చేతిలో ఉండాలి, విమానం ఎక్కే లోపల అమ్మ దాన్ని చదివి ఉండాలి.

ఇది మన ఊరివాళ్ళకి ఇంకాస్త గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఎందుకంటే మనది కంపెనీ ఆస్పత్రుల ఊరు. స్టీల్ ప్లాంటు వాళ్ళకి ఉక్కునగరంలో విశాఖ స్టీల్ జనరల్ హాస్పిటల్, పోర్టు వాళ్ళకి గోల్డెన్ జూబిలీ హాస్పిటల్, నేవీ వాళ్ళకి కళ్యాణి, రైల్వే వాళ్ళకి రైల్వే ఆస్పత్రి. ఇవేవీ లేనివాళ్ళకి మన కేజీహెచ్ ఉండనే ఉంది. నిన్నమొన్నటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ ఉన్నాయి. మా ఆయన స్టీల్ ప్లాంటులో ముప్పై ఏళ్ళు పనిచేశారు. ఆ ముప్పై ఏళ్ళూ పిల్లల జ్వరాలకైనా, నా ఆపరేషన్‌కైనా మెడికల్ బుక్కు పట్టుకుని వెళ్ళడమే నాకు తెలిసింది. బిల్లు అనేది నా చేతికి రానేలేదు. మా కాలనీలో చాలామంది ఆడవాళ్ళ అనుభవం ఇదే. ఆ హాయి మంచిదే, దానికి ఎప్పుడూ దణ్ణం పెట్టుకోవాల్సిందే. కానీ దానివల్ల ఒక లోటు కూడా వచ్చింది. వైద్యానికి ముందు డబ్బు లెక్క చూసుకోవడం మనకి అలవాటు కాలేదు.

ఆ పుస్తకాలూ, కార్డులూ అన్నీ సముద్రానికి ఈ ఒడ్డునే ఆగిపోతాయి. ఇక్కడి వైద్య సేవ కార్డు అక్కడ పనిచేయదు. ఇక్కడ మనం కట్టుకునే మామూలు మెడిక్లెయిమ్ కూడా మన దేశంలోని వైద్యానికే. మరి అమ్మాయికి అక్కడ ఉద్యోగంలో ఇచ్చిన ఇన్సూరెన్సు ఉందిగా అంటారు. అది ఆమెకీ, అల్లుడికీ, వాళ్ళ పిల్లలకీ. చుట్టపుచూపుగా వెళ్ళిన మనకి కాదు. అక్కడ 65 దాటిన పెద్దవాళ్ళకి మెడికేర్ అని ఉంటుంది కదా అని ఇంకొకరు అడిగారు. బయటి నుంచి వెళ్ళినవాళ్ళకి గ్రీన్ కార్డు వచ్చి, ఐదేళ్ళు విడవకుండా అక్కడ ఉంటే గానీ అందులో చేరే వీలు లేదు. విజిటర్ వీసా మీద వెళ్ళేవాళ్ళకి ఆ ప్రసక్తే లేదు.

ఇంకో సంగతి. యూరప్‌లో చాలా దేశాలకి షెంగెన్ వీసా కావాలంటే కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. కెనడాలో పిల్లల దగ్గరికి సూపర్ వీసా మీద వెళ్ళాలంటే ఏడాదికి కనీసం లక్ష కెనడా డాలర్ల పాలసీ ఉండాలి. వైద్యం అన్నిటికంటే ఖరీదైన అమెరికా మాత్రం విజిటర్ వీసాకి ఇన్సూరెన్సు అడగదు. అడగలేదు కాబట్టి అక్కర్లేదనుకునేవాళ్ళు మనలో బోలెడుమంది. అడిగినచోట బుద్ధిగా కడతాం, అడగనిచోట వదిలేస్తాం. నిజానికి అడగనిచోటే మన జాగ్రత్త మనం చూసుకోవాలి.

డబ్బు సంగతి ఒక ఎత్తు. నేను దీన్ని ఇంతగా పట్టించుకోవడానికి అసలు కారణం వేరే ఉంది. డాలర్లకి భయపడి మన ఆడవాళ్ళు అక్కడ నొప్పిని దాచేస్తారు.

మా కాలనీలో ఒక వదినగారు, వాళ్ళాయన కలిసి కూతురి పురిటికి వెళ్ళారు. పాపాయి పుట్టి మూడు వారాలైంది. ఒకరోజు సాయంత్రం ఆయనకి గుండెలో మంట, ఎడమ చెయ్యి లాగడం మొదలైంది. "గ్యాసే, వాము నీళ్ళు ఇవ్వు" అన్నారు. ఈవిడకి అనుమానం వచ్చింది. కానీ అమ్మాయి పచ్చి బాలింత, అల్లుడు పగలంతా ఆఫీసు, రాత్రంతా పాపాయి ఏడుపు. వాళ్ళని ఎందుకు కంగారు పెట్టడం, ఆస్పత్రి అంటే వేల డాలర్లట కదా అని ఊరుకుంది. ఒకటి కాదు, రెండు రాత్రులు. మూడో రోజు ఆయన బాత్‌రూమ్ దగ్గర కూలబడిపోయారు. 911కి ఫోన్ చేశారు, అంబులెన్సు వచ్చింది, స్టెంట్ వేశారు, ప్రాణం దక్కింది. తర్వాత ఇన్సూరెన్సు వాళ్ళ ఉత్తరం వచ్చింది. ఆయనకి పాత గుండె జబ్బు ఉంది, లక్షణాలు మొదలైన వెంటనే చికిత్సకి రాలేదు, కాబట్టి ఇవ్వడం కుదరదు అని. అల్లుడు ఆస్పత్రితో మాట్లాడి నెలనెలా వాయిదాలు కట్టుకుంటున్నాడు. పాపం ఒక్క మాట అనలేదు. కానీ ఆ దంపతులు తిరిగొచ్చిన దగ్గర్నుంచి కూతురితో ఫోన్లో మునుపటిలా మాట్లాడలేకపోతున్నారు. ఏం మాట్లాడినా చివరికి "మా వల్ల మీకు ఇంత కష్టం వచ్చింది" అన్నచోటికే వస్తున్నారు.

ఆ ఉత్తరంలో రాసిన షరతు వాళ్ళ పాలసీలో ముందు నుంచీ ఉంది. అమెరికా విజిటర్ పాలసీల్లో చాలావాటిలో ఉంటుంది. పాత జబ్బులకి మామూలుగా ఏమీ ఇవ్వరు. "ఎక్యూట్ ఆన్‌సెట్" అని ఒక్క మినహాయింపు ఇస్తారు. అంటే పాత జబ్బే, కానీ ఏ సూచనా లేకుండా హఠాత్తుగా ముదిరి, ప్రాణం మీదికి వస్తే ఇస్తారన్నమాట. అందులో మళ్ళీ ఒక మెలిక. సాధారణంగా 24 గంటల లోపల చికిత్సకి వెళ్ళాలి. పైగా చాలా పాలసీల్లో ఇది 70 ఏళ్ళ లోపు వాళ్ళకే. ఆ తర్వాత ఉండదు, ఉన్నా మొత్తం బాగా తగ్గిపోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. నొప్పిని ఓర్చుకోవడమే మంచితనం అని మనల్ని పెంచారు. "ఏం లేదులే, అదే తగ్గిపోతుంది" అనడం మనకి ఊతపదం. ఈ 24 గంటల షరతు సరిగ్గా మనలాంటి వాళ్ళ మెడకే చుట్టుకుంటుంది. ఆ సంగతి ఆవిడకి ఇక్కడే, బయల్దేరే ముందే ఎవరైనా చెప్పి ఉంటే మొదటి రాత్రే అల్లుణ్ణి లేపేది. ఆలస్యం చేస్తే ప్రాణానికీ ముప్పే, డబ్బుకీ ముప్పే అని తెలిస్తే ఏ ఆడదీ ఊరుకోదు. అందుకే ఆ కాగితం అల్లుడి ఈమెయిల్లో ఉంటే చాలదంటున్నాను.

మరి ఆ కాగితంలో ఏం చూడాలి? ఇంగ్లీషు రాదని వెనక్కి తగ్గక్కర్లేదు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు.

మొదటిది, ఇది ఫిక్స్‌డా, కాంప్రహెన్సివా? ఫిక్స్‌డ్ పాలసీ చవక. కానీ ఒక్కో వైద్యానికి ఇంతే ఇస్తాం అని ముందే రాసి ఉంటుంది. ఉదాహరణకి ఆపరేషన్‌కి 3,000 డాలర్లు అని రాసి ఉంటే, బిల్లు 20,000 అయినా వాళ్ళిచ్చేది 3,000 మాత్రమే. పైన "50,000 డాలర్ల పాలసీ" అని పెద్ద అక్షరాలతో ఉన్నా సరే. కాంప్రహెన్సివ్ అయితే బిల్లులో ఎక్కువ భాగం వాళ్ళే కడతారు.

రెండోది, మన చేతి నుంచి ఎంత పడుతుంది? లెక్క అర్థం కావడానికి నేనే అంకెలు వేసి చూపిస్తాను. డిడక్టిబుల్ 250 డాలర్లు అనుకోండి, అది ముందు మనం కట్టాలి. ఆ తర్వాతి 5,000లో మనది నూటికి 20, వాళ్ళది 80. ఆపైన అంతా, పాలసీ మొత్తం దాటనంతవరకు, వాళ్ళదే. బిల్లు 10,000 అయితే మనకి పడేది 250, ఇంకో వెయ్యి, వెరసి 1,250 డాలర్లు. ఇది బయల్దేరే ముందే తెలిస్తే, ఆ మాత్రం డబ్బు పక్కన పెట్టుకుని ధైర్యంగా వెళ్ళొచ్చు.

మూడోది, మనకున్న బీపీ, షుగరు, థైరాయిడ్, పాత స్టెంటు గురించి ఈ పాలసీ ఏమంటుంది? పాత జబ్బు అన్నదాన్ని ఎన్నేళ్ళు వెనక్కి చూస్తారు? మన వయసుకి ఆ మినహాయింపు వర్తిస్తుందా?

నాలుగోది, ఒంట్లో బాగోకపోతే మొదట ఎక్కడికి వెళ్ళాలి, ఏ నెంబరుకి ఫోన్ చేయాలి? జ్వరానికీ, దగ్గుకీ, కాలు బెణికినా అర్జెంట్ కేర్ అని చిన్న క్లినిక్కులుంటాయి, ఎమర్జెన్సీ కంటే చాలా తక్కువలో అయిపోతుంది. గుండె నొప్పి, మూతి వంకర పోవడం, ఊపిరాడకపోవడం లాంటివైతే ఆలోచించకుండా 911. అక్కడ 1986 నుంచి ఒక చట్టం ఉంది. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని డబ్బుందా లేదా అని చూడకుండా ముందు పరీక్షించి, ప్రమాదం తప్పించాలి. బిల్లు తర్వాత వస్తుంది, రాక మానదు. కానీ డబ్బు లేదని గుమ్మంలో ఆపరు. ఈ సంగతి ప్రతి అమ్మకీ తెలిసి ఉండాలి.

వీటికి తోడు ఇంటి దగ్గర చేసుకోవాల్సినవి రెండు. మందులు ఉండబోయే రోజులన్నిటికీ సరిపడా తీసుకుని, డాక్టరుగారి చేత మందు అసలు పేరుతో చీటీ రాయించుకోవాలి. మన బ్రాండు పేరు అక్కడివాళ్ళకి తెలియకపోవచ్చు, చీటీ లేకుండా బీపీ బిళ్ళ కూడా ఇవ్వరు. రెండోది, ఇక్కడి మెడిక్లెయిమ్‌ని వదలకూడదు. "ఆరు నెలలు ఇక్కడ ఉండం కదా, ఈ ఏడాదికి మానేద్దాం" అనే మగవాళ్ళని చూశాను. గడువు దాటాక ఏడాది ప్రీమియంకి 30 రోజులే వెసులుబాటు. అది కూడా దాటితే పాలసీ పోతుంది. మళ్ళీ కొత్తది తీసుకుంటే పాత జబ్బులకి మూడేళ్ళ వరకు ఆగాల్సి రావచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు, అంతకు ముందు 18 శాతం ఉండేది. కాబట్టి రెన్యువల్ తేదీ క్యాలెండరు మీద రాసి, ఇక్కడ ఉండే తమ్ముడికో మరిదికో అప్పజెప్పి వెళ్ళాలి.

ఇవన్నీ చెబితే నాకు వచ్చే సమాధానాలు మూడు రకాలు. "ప్రయాణం ముందు రోగాల మాట ఏంటమ్మా, అపశకునం" అంటారు. పురిటికి వెళ్తూ ఆస్పత్రి పేరు, డాక్టరు పేరు, రక్తం గ్రూపు అన్నీ మాట్లాడుకుంటాం కదా, అప్పుడు లేని అపశకునం ఇప్పుడెందుకు? రెండోరకం వాళ్ళు "కట్టినా ఇవ్వరండీ, అంతా మోసం" అంటారు. ఈ మాటలో కొంత నిజం ఉందని ఒప్పుకుంటాను. మా వదినగారి విషయంలో జరిగింది చూశాక కాదనలేను. కానీ ఎక్కడ ఇవ్వరో ముందే రాసి ఉన్న కాగితాన్ని చదవకుండా మోసం అనడం కూడా సరికాదు. చదివితే దానికి తగ్గట్టు నడుచుకోవచ్చు, లేదా ఇంకో పాలసీ ఎంచుకోవచ్చు. మూడోరకం మన ఆడవాళ్ళే. "పిల్లల్ని అది కొన్నారా ఇది కొన్నారా అని అడిగితే బాగుండదు, లెక్కలు అడుగుతోందనుకుంటారు." నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. ఆరు నెలలు వంట చేసి, బాలింతకి పథ్యం పెట్టి, రాత్రిళ్ళు పసిబిడ్డని భుజాన వేసుకుని తిరిగే మనిషికి తన ఆరోగ్యం గురించి ఒక్క ప్రశ్న అడిగే హక్కు లేదా? పిల్లలు కూడా ఈ మాట వినాలి. టికెట్టు బుక్ చేసిన రోజే పాలసీ గురించి కూడా మీరే మాట ఎత్తండి. చివరి రోజు రాత్రి అన్నిటికంటే చవకది నొక్కేయకండి. అమ్మచేత అడిగించుకోకండి.

ఈ మాట అమెరికా వెళ్ళేవాళ్ళకే కాదు. గాజువాక, అనకాపల్లి, శ్రీకాకుళం వైపు నుంచి ఎంతమంది వెల్డర్లు, ఫిట్టర్లు గల్ఫ్‌కి వెళ్తున్నారో మనకి తెలుసు. అక్కడ చాలాచోట్ల ఉద్యోగం ఇచ్చినవాళ్ళే వైద్య బీమా కట్టాలి. దుబాయ్, అబుదాబిల్లో ఎప్పట్నుంచో ఉంది, 2025 జనవరి 1 నుంచి యూఏఈ అంతటా తప్పనిసరి చేశారు. మన ప్రభుత్వం వైపు నుంచి 2003లో మొదలైన ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. ఎమిగ్రేషన్ క్లియరెన్సు మీద వెళ్ళే కార్మికులకి అది తప్పనిసరి. 2017లో మార్చిన లెక్క ప్రకారం రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375, పన్ను అదనం. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు వస్తాయి. ప్రమాదానికే సుమా, గుండెపోటుతో పోతే ఆ 10 లక్షలు రావు. పదో తరగతి పాసైనవాళ్ళకి క్లియరెన్సు అక్కర్లేదు కాబట్టి ఈ పాలసీ వాళ్ళకి తప్పనిసరి కాదు. అలాంటివాళ్ళు మన రాష్ట్ర ఎన్ఆర్‌టీ సొసైటీ వారి ప్రవాసాంధ్ర భరోసా బీమా గురించి కనుక్కోవచ్చు. ఇక్కడ కూడా నేను చెప్పేది అదే. ఆ కాగితం ఎక్కడో క్యాంపులో అతని ట్రంకు పెట్టెలో ఉంటే లాభం లేదు. నకలు ఇక్కడ భార్య దగ్గర ఉండాలి. నామినీగా తన పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాశారా లేదా అని ఆమె కళ్ళారా చూసుకోవాలి. ఏదైనా జరిగితే ఆఫీసుల చుట్టూ తిరిగేది ఆమే కదా.

కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా ప్రయాణమవుతుంటే ఒక గంట దీనికి కేటాయించండి. పాలసీని ప్రింటు తీయించి, ఫోన్ నెంబరు కింద ఎర్ర గీత గీసి, ఒక నకలు అమ్మ హ్యాండ్‌బ్యాగులో, పాస్‌పోర్టు పక్కనే పెట్టండి. దాంతోపాటు ఆమెకి ఒక్క మాట చెప్పండి. "అమ్మా, ఇది దాచుకోవడానికి కాదు, వాడుకోవడానికి. ఏ అర్ధరాత్రి నొప్పి వచ్చినా మమ్మల్ని లేపు." ఆ మాట కూతురి నోటి నుంచి వింటే ఏ తల్లీ వాము నీళ్ళతో సరిపెట్టుకోదు.